పాత కాళ్ల హార్మోనియం దొరికితే ఏం చూడాలి, ఏం ముట్టుకోకూడదు

మా దేవరకొండ దిక్కు ఊళ్లల్లో ఇప్పటికీ కాళ్ల హార్మోనియాలు కనిపిస్తాయి. భజన మందిరంలో దేవుడి పటాల వెనక ఒకటి ఉంటుంది, ఒకప్పుడు యక్షగానం ఆడినవాళ్ల ఇంట్లో అటక మీద గోనెసంచి కప్పుకొని ఇంకొకటి ఉంటుంది. పట్నం నుంచి వచ్చి బేరమాడి తీసుకుపోయి హాల్లో అందానికి పెట్టుకునేవాళ్లు ఎక్కువయ్యారు, వాయిద్దామని కొనేవాళ్లు తగ్గారు. నేను రాస్తున్నది ఆ రెండో రకం వాళ్ల కోసం.

తెలియనివాళ్లకు ఒక మాట. మామూలు హార్మోనియంలో ఎడమ చేత్తో వెనక తిత్తి ఆడిస్తూ కుడి చేత్తో మెట్లు నొక్కుతాం. కాళ్ల హార్మోనియంలో గాలి పనంతా పాదాలదే. కింద రెండు తొక్కుడు పలకలుంటాయి, కుర్చీలో కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే తిత్తి నిండుతూ ఉంటుంది, రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లారేదాకా నడిచే ఆటకు, పద్యం చివర పాడేవాళ్లు రాగం ఎత్తుకొని ఎటు పోతే అటు వాళ్ల వెనకాలే పోవాల్సిన నాటకానికి ఇదే సరైన పెట్టె. నిజానికి పాతది కూడా ఇదే. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ హార్మోనియం పేరుతో పేటెంట్ తీసుకున్నది కాళ్లతో తొక్కే వాయిద్యానికే. కింద కూర్చుని పాడే మన అలవాటుకు తగ్గట్టు చేతి తిత్తి పెట్టి చిన్నగా చేసింది కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్, 1875 ప్రాంతంలో. చేతి పెట్టె చవక, తేలిక, చంకన పెట్టుకొని బస్సెక్కొచ్చు, అందుకే ఊరూరికీ పాకింది. కాళ్ల పెట్టె మాత్రం నాటకం వాళ్ల దగ్గర ఉండిపోయింది.

ఈ పాత పెట్టెల్లో చాలా భాగం ఆర్డరు ఇచ్చి చేయించుకున్నవే. పాడేవాళ్ల గొంతును బట్టి, ఆడే పందిరి ఎంత పెద్దదో దాన్ని బట్టి, ఎన్ని మెట్లు కావాలి, రీడ్లలో (రీడు అంటే గాలి తగిలితే మోగే సన్నని ఇత్తడి నాలుక) కింది స్థాయి పలికే బాస్ వరస వేయాలా, మధ్య స్థాయి పలికే మేల్ వరసలే రెండు వేయాలా అని కూర్చుని మాట్లాడుకొని చేయించుకునేవాళ్లు. అందుకే ఒక పెట్టె మెట్టు ఇంకో పెట్టెకు పట్టదు, ఒకదాని స్ప్రింగు ఇంకోదానికి సరిపోదు. విడిభాగం పోయిందంటే బజారులో దొరకదు, చేయించుకోవాల్సిందే. కొనేముందు ఇది మనసులో పెట్టుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఒక పెట్టెను నేను పోగొట్టుకున్నాను. మా పెద్దనాన్న ముప్పై ఏళ్లు వాయించిన పెట్టె అది. ఆయన రెండో శృతిలో, అంటే రెండో తెల్ల మెట్టును స అనుకొని, పాడేవాళ్ల వెనక ఎక్కువ వాయించేవాడు, ఆ రెండో మెట్టు మీది తెల్ల పలక నడుమ అరిగి చిటికెన వేలి గోరంత పల్లం పడింది. ఆయన పోయాక గాలి సరిగా నిలవట్లేదని పట్నంలో ఒక రిపేరు కొట్టుకు ఇచ్చాను. వారం తర్వాత పోతే పెట్టె తళతళలాడుతోంది, తొక్కితే పెద్దగా మోగుతోంది, కానీ ఆ గొంతు లేదు. రీడ్లన్నీ పాతబడ్డాయని మార్చేశారట. పాతవి ఇవ్వమంటే ఇత్తడి తూకానికి పోయిందన్నారు. గాలి పోతోందని ఇస్తే రీడ్లు మార్చారు, అసలు పోతున్నది గాలి దారులు మూసే తోలు మూతల దగ్గర. ఆ తర్వాత కల్వకుర్తి దిక్కు ఒక భజన మండలి దగ్గర ఇంకో పాత పెట్టె కొన్నాను. అప్పుడు నాతో వచ్చిన ముసలాయన, జీవితమంతా యక్షగానానికి వాయించిన మనిషి, పెట్టె మూత తీయకముందే అన్నాడు: "ముందు గాలి చూడు బిడ్డా, రీడు సంగతి ఆఖర్న." ఇప్పుడు నేను చెప్పబోయేదంతా ఆ మాట చుట్టే తిరుగుతుంది.

కొనడానికి పోయేటప్పుడు వాయించే పెద్దమనిషిని ఒకరిని తోడు తీసుకుపోండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు, రానుపోను ఆటో ఖర్చు, ఒక పూట భోజనం మీరు చూసుకోండి. మనం పాలిష్ చూస్తాం, వాళ్లు ఒక్క స్వరం పట్టుకొని కళ్లు మూసుకుంటారు. పొద్దున పోవడం మంచిది, వెలుతురు ఉంటుంది, చుట్టూ చప్పుడు తక్కువ. ఒక టార్చి, ఒక అగరబత్తి కట్ట దగ్గర పెట్టుకోండి.

ముందు కర్ర. పెట్టెను పక్కకు ఒరిగించి అడుగు చూడండి. సూదిమొనంత రంధ్రాలుండి వాటి కింద పిండి రాలి ఉంటే పురుగు ఇంకా లోపలే ఉంది. మట్టి గీతలుంటే చెద. టేకు భాగాలకు సాధారణంగా ఏమీ కాదు, అడుగు పలక, లోపలి చట్రం మెత్తకర్రతో చేసి ఉంటే అక్కడే తింటుంది. పైన గీతలు, పాలిష్ పోవడం, ఒక మూల చెక్క లేవడం గురించి బెంగ వద్దు. రీడ్లు బిగించిన బోర్డు పగిలితే మాత్రం నేనైతే కొనను, ఎందుకంటే ఆ పగులులోంచి పక్క స్వరానికి గాలి దారి తీస్తుంది, ఎంత అతికించినా ఎండాకాలం రాగానే మళ్లీ విచ్చుకుంటుంది.

తర్వాత గాలి. స్టాపర్లన్నీ (రీడ్ల వరసలకు గాలి వదిలే, ఆపే పిడులు) మూసి, ఏ మెట్టూ నొక్కకుండా తొక్కండి. నాలుగైదు తొక్కులకు కాలికి గట్టిగా ఎదురు తగలాలి. అప్పుడు కాళ్లు తీసేసి మనసులో ఇరవై లెక్కపెట్టి మళ్లీ ఒక్కసారి మెల్లగా తొక్కండి. ఎదురు ఇంకా ఉంటే తిత్తి బాగుంది, పలక దిగబడిపోతే గాలి ఎటో పోతోంది. ఇప్పుడు ఒక వరస స్టాపరు తెరిచి తిత్తి నింపి, తొక్కడం ఆపి, మధ్య సప్తకంలో ఒక్క మెట్టు పట్టుకోండి. స్వరం పదిహేను అంకెల దాకా నిలిచి మెల్లగా సన్నబడితే మంచి పెట్టె. అయిదుకే చచ్చిపోతే తోలు పని ఉంది, ఆ మేరకు ధర తగ్గించమని అడగొచ్చు. తోలు పని ఉందంటే పెట్టె పాడైందని కాదు, అది బాగయ్యే జబ్బే.

గాలి ఎక్కడ పోతోందో తెలుసుకోవడానికి అగరబత్తి. ఫ్యాన్ ఆపి, ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు వెలిగించిన అగరబత్తిని తిత్తి మడతల వెంబడి, మూలల వెంబడి జానెడు దూరంలో తిప్పాలి. పొగ నిట్టనిలువుగా లేస్తూ ఒకచోట ఉన్నట్టుండి పక్కకు వంగుతుంది, అక్కడే చిల్లు. నిప్పురవ్వ తిత్తి మీద పడకుండా చూసుకోండి, పాత అట్ట, పాత గుడ్డ ఇట్టే అంటుకుంటాయి.

గాలి చూశాకే స్వరాలు. ఒక్క వరస రీడ్లు మాత్రమే తెరిచి, కింది నుంచి పైదాకా తెల్లవీ నల్లవీ ఒక్కటి వదలకుండా నొక్కండి. మెట్టు నొక్కగానే స్వరం రావాలి, కాస్త ఆగి వస్తే దుమ్ము గానీ రీడు నాలుక ఎక్కువ పైకి లేవడం గానీ కారణం. తర్వాత రెండో వరస ఒక్కటే, ఆ తర్వాత రెండూ కలిపి. రెండు రీడ్లు కలిసినప్పుడు స్వరం అలలు అలలుగా వణికితే వాటి మధ్య శృతి తేడా ఉన్నట్టు. వణుకు నెమ్మదిగా, అన్ని మెట్ల మీదా ఒకే తీరుగా ఉంటే చాలాసార్లు అది కావాలని పెట్టిందే, దాన్ని తప్పు అనుకోవద్దు, ఆ నిండుదనం దానివల్లే. ఒక్క మెట్టు మీద మాత్రమే గడగడ వణికితే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారని అర్థం.

చెయ్యి పెట్టారో లేదో కంటికే కనబడుతుంది. రీడ్ బోర్డు మీద టార్చి ఏటవాలుగా వేయండి. పాత ఇత్తడి అంతా ఒకే రంగులో, నల్లబడ్డ తేనె రంగులో ఉంటుంది. నడుమ ఒకటి పసుపు పచ్చగా మెరిస్తే అది తర్వాత వేసింది. నాలుక మీద అడ్డదిడ్డంగా గీరిన గీతలుంటే శృతి చేయబోయి చెడగొట్టారు. రెండో మూడో మార్చినవి ఉంటే ఏం కాదు, ఇన్నేళ్ల పెట్టెలో అది సహజం. సగం మార్చి ఉంటే మీరు పాత పెట్టె ధర పెట్టి కొత్త పెట్టె గొంతు కొంటున్నట్టు. జర్మన్ రీడ్లని చెప్పి ధర పెంచుతారు, పేరు చూసి మోసపోవద్దు, చెవితో వినండి. మన దేశంలో గుజరాత్‌లోని పాలితానా రీడ్లకు పేరున్న ఊరు, అక్కడివి వేసిన పెట్టెలు కూడా బ్రహ్మాండంగా పలికేవి ఉన్నాయి.

ఆఖర్న తొక్కుడు పలకలు, మడత కాళ్లు. పలక నుంచి తిత్తికి పోయే పట్టీలు ఎండిపోయి పొరలు లేస్తుంటే మార్చాల్సిందే, కొంటూనే మార్చండి, ఆట మధ్యలో తెగితే చేసేదేం లేదు. కొత్త పట్టీలు మన ఊళ్లో చెప్పులు కుట్టే ఆయనే వేసిస్తాడు, పాతది కొలతకు ఇచ్చి, రెండూ ఒకే పొడుగు ఉండేట్టు చూసుకోండి. ఒకటి పొట్టిదైతే ఒక కాలికే బరువు పడి గంటలోపు పిక్క పట్టేస్తుంది.

ఇంటికి తెచ్చాక మొదటి నెల ఏమీ చేయకండి. రోజూ పదిహేను నిమిషాలు వాయించండి, అంతే. ఏళ్ల తరబడి కదలని తోలు కొంచెం కొంచెంగా మెత్తబడుతుంది, మొదటి రోజు మూగగా ఉన్న రెండు మూడు స్వరాలు వాటంతట అవే పలకడం మొదలుపెడతాయి. నా పెట్టెలో మంద్రంలో, అంటే కింది స్వరాల్లో, మూడు మెట్లు ఇట్లాగే తిరిగొచ్చాయి, పన్నెండో రోజుకు.

ఆ తర్వాత కూడా పలకని మెట్టుంటే అప్పుడు విప్పండి. విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. మెట్లు బయటికి తీయాల్సి వస్తే ప్రతి మెట్టు వెనక పెన్సిలుతో నంబరు వేయండి, స్క్రూలు ఏ వరసవి ఆ వరస విడివిడిగా స్టీలు గిన్నెల్లో పెట్టుకోండి. రీడు మూగబోవడానికి నూటికి తొంభై సార్లు ఒక దుమ్ము నలుసే కారణం, నాలుకకూ చట్రానికీ మధ్య వెంట్రుక పట్టేంత సందే ఉంటుంది కాబట్టి. మెత్తటి బ్రష్షుతో ఊడ్చి, పలుచని కాగితం ముక్క నాలుక కింద మెల్లగా దూర్చి ఒకసారి అటూ ఇటూ ఆడించి తీసేయండి. నోటితో ఊదొద్దు, తేమ లోపలికి పోతుంది. నూనె, స్ప్రే, ఇత్తడి సామాన్లు తోమే పొడి, ఇవేవీ రీడు దగ్గరికి తేవద్దు. నల్లబడిన రీడు నల్లగానే ఉండాలి.

మెట్టు నొక్కకుండానే స్వరం మోగుతుంటే రీడు తప్పు కాదు, మెట్టు కింద గాలి దారి మూసే తోలు సరిగా కూర్చోవట్లేదు. తోలు మీద చెత్త ఉందేమో చూడండి, లేకపోతే మెట్టు స్ప్రింగు నీరసించి ఉంటుంది. వానాకాలంలో మెట్లు ఉబ్బి ఒకదానికొకటి రాసుకుంటాయి, అది చూసి గరుకు కాగితంతో రుద్దేస్తే ఎండాకాలంలో సందు వచ్చి గడగడలాడతాయి. మెట్టు జారే చోట పెన్సిలు ముల్లు రుద్దండి చాలు.

తిత్తికి చిల్లులుంటే సెల్లో టేపు, ఫెవిక్విక్ వాడొద్దు. గట్టిపడే ఏ జిగురైనా మడతను విరిచేస్తుంది. పలుచని నూలు గుడ్డ గానీ పలుచగా చెక్కిన మేక తోలు గానీ చిల్లు కంటే వేలెడు వెడల్పు ఎక్కువ కత్తిరించి, గట్టిపడని జిగురు పలుచగా రాసి, తిత్తి తెరిచి ఉన్న స్థితిలో అతికించి ఒక రాత్రి ఆరనివ్వాలి. మూసి ఉన్నప్పుడు అతికిస్తే పట్టేసి తెరుచుకోదు. తోలు మూతలన్నీ మార్చాల్సి వస్తే అది తెలిసినవాళ్ల పని, ఇచ్చేయండి, కానీ ఇచ్చే ముందు రీడ్లు లెక్కపెట్టండి. 37 మెట్ల పెట్టెలో రెండు వరసలుంటే 74 రీడ్లు, 39 అయితే 78, 42 అయితే 84. ఆ అంకె కాగితం మీద రాసి, "రీడ్లు మార్చరాదు, తీసిన ప్రతి ముక్కా తిరిగి ఇవ్వాలి" అని రాయించి సంతకం పెట్టించుకోండి, రీడ్ బోర్డు ఫొటో వాళ్ల ముందే తీయండి. మొహమాటపడొద్దు. నేను మొహమాటపడ్డాను.

ఇక శృతి చేయడం. నాలుక కొస దగ్గర వెంట్రుకవాసి గీరితే స్వరం పెరుగుతుంది, మేకు కొట్టిన మొదలు దగ్గర గీరితే తగ్గుతుంది. పద్ధతి ఇంతే, చదవడానికి తేలిగ్గా ఉంటుంది. కానీ గీరిన ఇత్తడి మళ్లీ రాదు, ఎక్కువ గీరిన నాలుక పలచబడి ఒకరోజు ఆట మధ్యలో విరుగుతుంది. ఒక్క స్వరం ఘోరంగా పక్కకు పోయి ఉంటే తప్ప ముట్టుకోవద్దు, ముట్టుకోవాల్సి వచ్చినా ముందు దుమ్ము తీసి, స్క్రూ బిగించి, మళ్లీ విని, అప్పుడు. చాలాసార్లు వదులైన స్క్రూయే శృతి పోయినట్టు వినిపిస్తుంది.

ఈమధ్య భజనల్లో కీబోర్డు కూడా వస్తోంది కదా, దానితో కలవట్లేదని పాత పెట్టె మొత్తం గీరించేస్తున్నారు. ఇది వింటే నాకు కడుపులో తిప్పుతుంది. కీబోర్డులో మధ్య సప్తకంలోని ఆరో తెల్ల మెట్టు 440 హెర్ట్జ్‌కు ఉంటుంది, పాత పెట్టె ఆ అంకెకు చేసి ఉండకపోవచ్చు. కీబోర్డులో ట్యూనింగ్ అనే సెట్టింగు ఉంటుంది, దాన్ని పెంచో తగ్గించో పెట్టెకు కలపండి, రెండు నిమిషాల పని. మీ పెట్టెలో అదే ఆరో తెల్ల మెట్టు ఎంతకు పలుకుతుందో ట్యూనర్ యాప్‌లో చూసి మూత లోపలివైపు రాసిపెట్టుకుంటే ప్రతిసారీ వెతుక్కునే పని ఉండదు.

గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, దీని మీద రాదని ఆకాశవాణిలో 1940 నుంచి 1971 దాకా హార్మోనియంను రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన ఊళ్లల్లో పందిళ్ల కింద దీంతోనే రాత్రులు గడిచాయి. మెట్టు నుంచి మెట్టుకు వేలు జార్చి, ముందు మెట్టు వదలకముందే తర్వాతది తాకించి, తొక్కుడు కొంచెం తగ్గించి మళ్లీ పెంచి, గమకం ఉన్నట్టే వినిపించేవాళ్లు పాత వాయిద్యగాళ్లు. తొక్కుడులోనే సగం విద్య ఉంది. అట్లాంటివాళ్లు మీ చుట్టుపక్కల ఉంటే పెట్టె బాగయ్యాక ఒక సాయంత్రం పిలిచి వాయించమనండి, కింద కూర్చుని వాళ్ల చేతులు కాదు, పాదాలు చూడండి.

కాపాడుకోవడంలో మనకున్న అసలు బెడద ఎండ, కూలర్. మా నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి, కర్ర ముడుచుకుంటుంది, దానికి పెట్టె ఎట్లాగో తట్టుకుంటుంది. తట్టుకోలేనిది ఆ ఎండలో కూలర్ ముందు పెడితేనే. పగలంతా తడి గాలి, కరెంటు పోగానే పొడి వేడి, మళ్లీ తడి గాలి. తోలు ఉబ్బుతుంది, ఎండుతుంది, స్ప్రింగులు తుప్పు పడతాయి. కూలర్ లేని గదిలో, బయటి గోడకు ఆనకుండా, నేల నుంచి జానెడు ఎత్తున చెక్క మీద పెట్టండి. నూలు దుప్పటి కప్పండి, ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. కర్పూరం బిళ్లలు గుడ్డలో కట్టి పెట్టెలో ఒక మూల ఉంచండి, రెండు నెలలకోసారి మార్చండి. ఎలుక ఒక్క రాత్రిలో తిత్తి మూల కొరికేస్తుంది, అందుకని పెట్టె ఉన్న గదిలో వడ్ల బస్తాలు పెట్టకండి.

వాయించడం అయిపోగానే తొక్కడం ఆపి, ఒక మెట్టు నొక్కి మిగిలిన గాలంతా పోనిచ్చి, స్టాపర్లు మూసి, మెట్లు పొడి గుడ్డతో తుడిచి మూత వేయండి. మా పెద్దనాన్న పంచె కొసతో ఒక్కో మెట్టూ తుడిచేవాడు, తెల్లారి నాలుగింటికి అందరూ చాయ్ కోసం లేచిపోయినా ఆయన కూర్చుని తుడుస్తూనే ఉండేవాడు.

చెర్వుగట్టు జాతరకో, మన్నెంకొండకో, కురుమూర్తికో తీసుకుపోవాల్సి వస్తే కాళ్లు మడిచి, తొక్కుడు పలకలను గుడ్డ పట్టీతో కట్టేసి, పెట్టెను ఎప్పుడూ అడుగు కిందికే ఉండేట్టు పెట్టండి, వెల్లకిలా వద్దు, రీడ్ల మీద దుమ్ము పడేది అప్పుడే. డీసీఎం వ్యాన్‌లో అయితే టైర్ల మీదికి కాకుండా క్యాబిన్ వైపుకు, కింద గడ్డి పరిచి. ఆటోలో అయితే మనిషి పక్కన సీటు మీదే పెట్టి, ఒక చెయ్యి దాని మీద వేసి కూర్చోండి. దిగాక వెంటనే తొక్కకండి, పందిట్లో అరగంట మూత తీసి ఉంచి, అప్పుడు అన్ని మెట్లూ ఒకసారి చూసుకొని, పాడేవాళ్లకు శృతి ఇవ్వండి.